తెల్ల పుల్ల మడి

బ్రెబెస్ పట్నం నుంచి సముద్రం వైపు వెళ్ళే రోడ్డు మా ఊరికి వచ్చేసరికి సన్నబడి, రస్మున్ పొలం పక్కన ఒక వంకర తిరుగుతుంది. ఆ మలుపులో మోటారు సైకిలు మీద వచ్చేవాడెవడైనా వేగం తగ్గించక తప్పదు. తగ్గించినవాడు పక్కకి చూడకా తప్పదు. చూస్తే కనిపించేది రస్మున్ ఉల్లి చేను.

మా వైపు అందరం వేసేది ఒకటే పంట, దుబ్బుకి ఏడెనిమిది పాయలు గుత్తిగా ఊరే చిన్న ఎర్ర ఉల్లి. కానీ రస్మున్ చేను రంగు వేరు. మిగతా చేలు పచ్చగా ఉంటే అతనిది నల్లగా కనిపించేంత పచ్చగా ఉండేది. ఆకులు మోకాళ్ళ దాకా లేచి, గాలి వీస్తే కెరటంలా వాలేవి. ఆ మలుపులో ఎవరైనా ఆగి, దీనికి ఏం పెడుతున్నావని అడిగితే చాలు, రస్మున్‌కి ఆ పూట భోజనం అక్కర్లేదు. అతను పెట్టేది యూరియా. ఊరంతా ఒక గుప్పెడు వేసే చోట అతను రెండు గుప్పెళ్ళు వేసేవాడు. మరునాడు వచ్చి మొక్క మొహం చూసి ఇంకాస్త వేసేవాడు. పాయ ఎంత ఊరిందో మట్టి తవ్వితే గాని తెలీదు, ఆకు మాత్రం దారిన పోయేవాడికి కూడా కనిపిస్తుంది కదా అనేవాడు.

రోడ్డుకి అవతలి చేను చార్వాద్‌ది. రస్మున్ భార్య తర్సివెన్‌కి చార్వాద్ సొంత అన్న. బావలిద్దరూ పొద్దున రోడ్డుకి చెరో పక్క పని చేసుకునేవారు. సాయంత్రం టీ కొట్టులో ఒకే బల్ల మీద కూర్చుని, మట్టి కూజాలోని మల్లెల టీ అయిపోయేదాకా యూరియా గురించి పోట్లాడుకునేవారు. మన నాటు విత్తనాలు తాతల నాడు పేడతో, కాలవ బురదతో పండాయనీ, వాటిని ఇంతలా మేపితే ఒళ్ళు వస్తుంది గాని బలం రాదనీ చార్వాద్ వాదన. తాతల నాడు మనుషులు కూడా అర్ధాకలితోనే బతికారు, నువ్వు రాత్రి అన్నం మానేస్తావా అని రస్మున్ జవాబు. ఇన్నేళ్ళలో ఇద్దరూ ఒక్క అంగుళం కదల్లేదు. ఆ పోట్లాట పుణ్యాన టీ కొట్టు ఆవిడ మాత్రం రోజూ ఒక కూజా ఎక్కువ అమ్ముకునేది.

తర్సివెన్ ఈ తగువులో ఎప్పుడూ ఎవరి పక్షానా నిలబడలేదు. ఆవిడకి జాలి ఒక జబ్బులాంటిది. వీధిలో పిల్లులన్నీ ఆవిడ వంటింటి గుమ్మం దగ్గరే ఈనేవి. కరెంటు మీటరు చూడటానికి వచ్చినవాడు కూడా ఆ ఇంట్లో అన్నం తిని గాని కదలలేడు. కడుపు నిండిందని ఎవరైనా చెబితే ఆవిడ నమ్మేది కాదు, మొహమాటపడుతున్నారనుకునేది.

అలాంటి ఇంటికి నింగ్రుమ్ వచ్చింది. కొండల దిగువన ఒక యూనివర్సిటీలో వ్యవసాయం మీద పెద్ద చదువు చదువుతున్న అమ్మాయి. బక్కగా, కళ్ళద్దాలతో, నెత్తిన కట్టుకున్న గుడ్డ మీద హెల్మెట్ తీయడం మరిచిపోయి తిరిగేది. ఊళ్ళో అందరికంటే ఎక్కువ యూరియా వేసే రైతు ఎవరని గ్రామ పెద్దని అడిగితే, ఆయన ఆలోచించకుండా రస్మున్ ఇల్లు చూపించాడు. ఆమె వస్తున్న సంగతి ముందే తెలిసిన రస్మున్ ఇదేదో బహుమతి వ్యవహారం అనుకుని, పెళ్ళిళ్ళకి వేసుకునే బాతిక్ చొక్కా తొడుక్కుని వరండాలో కూర్చున్నాడు.

బహుమతి కాదు. ఆమెకి కావలసింది ఒక పంటకాలం పాటు కాస్త నేల. పాత నాటు రకాలు మూడు తెచ్చింది. అందులో రెండు అందరికీ తెలిసినవే, ఒకటి మేమంతా వేసే బీమా అనే రకం. మూడోది పసుపు తోలు ఉల్లి, మా నాయనల కాలంలో ఉండేది, ఇప్పుడు విత్తనం దొరకదు. ఒక్కో మడిలో ఈ మూడింటినీ వరసలుగా నాటుతుంది. మొదటి మడికి నత్రజని ఎరువు అసలు వెయ్యదు. రెండోదానికి కొంచెం, మూడోదానికి మధ్యస్తంగా, నాలుగోదానికి రస్మున్ కొలత. ఏ రకానికి ఎంత వేస్తే చాలో తేల్చడమే ఆమె పని. ఇలాంటి నాలుగు మళ్ళ వరస రోడ్డు పక్కన ఒకటి, పొలం మధ్యలో ఒకటి, అవతల ఏటి గట్టున ఒకటి. ఒక చోట బాతులు పడి తినేసినా ఇంకో చోట మిగలాలని. గుర్తుకి మడి మొదట్లో రంగు పుల్లలు పాతింది. ఏమీ వెయ్యనిదానికి తెలుపు, తరవాత పసుపు, నీలం, చివరికి రస్మున్ కొలతకి ఎరుపు. ఆ కొలత ఎంతో రస్మున్ చెప్పినప్పుడు ఆమె పెన్ను ఆపి, ఇంకోసారి చెప్పమంది. అతను ఇంకోసారి, కొంచెం పెంచి చెప్పాడు.

నీళ్ళూ కలుపూ ఆ ఇంటివాళ్ళవి, ఎరువు మాత్రం ఆమెది. బుధవారం బుధవారం వచ్చి తనే వేస్తుంది.

"తెల్ల పుల్ల మళ్ళలో ఒక్క పలుకు పడినా నా చదువు మట్టిలో కలిసినట్టే బాబాయ్" అంది.

"నా చేత్తో ఒక్క పలుకు వెయ్యను. చాలా?" అన్నాడు రస్మున్.

తర్సివెన్ లోపలి నుంచి, ఆ మాటలన్నీ తరవాత, ముందు అమ్మాయిని చేతులు కడుక్కోమంది.

నాటిన కొత్తలో అన్ని మళ్ళూ ఒకలాగే మొలిచాయి. తరవాత తేడా తెలిసింది. ఎర్ర పుల్ల మడి అలవాటు ప్రకారం నలుపెక్కింది. నీలమూ పసుపూ మర్యాదగా పచ్చబడ్డాయి. తెల్ల పుల్ల మడి పాలిపోయింది. మొక్కలు చావలేదు, కానీ జ్వరం పడి లేచిన పిల్లల్లా ఆకు సన్నబడి, కొసలు పసుపు తిరిగి, గాలికి వాలే ఓపిక కూడా లేనట్టు నిలబడ్డాయి.

మలుపులో బండ్లు మునుపటికంటే ఎక్కువ ఆగడం మొదలైంది. రస్మున్‌కి ఒంట్లో బాగాలేదా అని ఒకడు అడిగాడు. ఎరువుల కొట్టువాడితో ఏమైనా మాటామాటా వచ్చిందా అని ఇంకొకడు అడిగాడు. చేపల గంప పెట్టుకుని వెళ్ళే ఆవిడ బండి కూడా ఆపకుండా, పాపం ముసలాడైపోయాడు అంటూ వెళ్ళిపోయింది. రస్మున్ ప్రతివాడికీ మొదటి నుంచి చెప్పబోయేవాడు. యూనివర్సిటీ, మూడు రకాలు, రంగు పుల్లలు, నత్రజని. నత్రజని దగ్గరికి వచ్చేసరికి బండి మలుపు దాటిపోయేది. చివరికి ఒక అట్ట ముక్క మీద "ఇది నాది కాదు, యూనివర్సిటీది" అని రాసి మడి దగ్గర నిలబెట్టాడు. రెండు రోజుల్లో అతను పొలం అమ్మేశాడని ఊరంతా పుకారు పాకింది. పక్క ఊరి నుంచి అతని వియ్యంకుడు కూడా ఫోన్ చేసి, నాకు ఒక్క మాట చెప్పలేదేమని నిష్ఠూరమాడాడు. అట్ట ముక్క పీకేశాడు.

మా ఉల్లి మళ్ళ మధ్య కాలవలు ఉంటాయి. పొద్దున్నే కాలవలో నిలబడి, పొడుగు కర్ర కట్టిన బొచ్చెతో రెండు పక్కలా మళ్ళ మీదకి నీళ్ళు చిమ్ముతాం. అట్ట ముక్క పీకేసిన మర్నాడు రస్మున్ రోడ్డు పక్క తెల్ల పుల్ల మడి దగ్గరికి వచ్చేసరికి, కాలవ నీళ్ళు కాక బకెట్ నీళ్ళు వాడాడు. ఆ బకెట్లోకి యూరియా సంచిని వంచాడు, కర్ర పుల్లతో కలిపాడు, బొచ్చెతో చిమ్మాడు. నా చేత్తో వెయ్యనన్నాను, చేత్తో వెయ్యలేదు అని తనకి తను చెప్పుకున్నాడు. అదీగాక మడి మరీ రోగిష్టిగా కనిపించకపోతే చాలు, అంతకు మించి ఒక్క పలుకు కూడా అక్కర్లేదు అనుకున్నాడు. మూడు రోజుల తరవాత ఆ మొక్కల మొహం చూశాడు. ఇంకాస్త కలిపాడు.

తర్సివెన్ సంగతి వేరు. ఆవిడ కలుపు తీస్తూ ఆ నాలుగు మళ్ళ మధ్య రోజూ గంటల తరబడి కూర్చునేది. మూడు మళ్ళవాళ్ళు కడుపునిండా తింటూ ఉంటే ఒకటి పక్కన కూర్చుని చూస్తున్నట్టు ఉండేది ఆవిడకి. ఒక బుధవారం నింగ్రుమ్‌కి అన్నం వడ్డిస్తూ, దానికి ఒక్క పూటైనా పెట్టకూడదా అని అడిగింది. అది పస్తుంటేనే మిగతావాటికి ఎంత అవసరమో తెలుస్తుందని ఆ అమ్మాయి ఓపిగ్గా చెప్పింది. తర్సివెన్ తల ఊపింది. తల ఊపడం వినడం వరకే, ఒప్పుకోవడం కాదు. శుక్రవారం మధ్యాహ్నం మగవాళ్ళందరూ మసీదులో ఉన్న వేళ, పైగుడ్డ కొంగులో యూరియా మూట కట్టుకుని పొలానికి వచ్చింది. దుబ్బు దుబ్బుకీ చిటికెడు వేసి, మట్టి కప్పి, కడుపు చల్లబడిందా అన్నట్టు ఒక నిమిషం చూసి వెళ్ళింది. ఆ తరవాత ప్రతి శుక్రవారమూ అంతే.

ఇక చార్వాద్. రోజూ రోడ్డుకి అవతల నిలబడి ఈ మడినే చూస్తూ ఉంటే అతనికి ఒక ఆలోచన వచ్చింది. ఏ ఎరువూ లేని తెల్ల పుల్ల మడి, బావ కొలత పడిన ఎర్ర పుల్ల మడికంటే బాగా పండిందనుకో. యూనివర్సిటీ వాళ్ళే ఆ మాట చెప్పారనుకో. ఇక జన్మలో బావ టీ కొట్టులో నోరెత్తలేడు. తక్కువ వెయ్యాలన్న తన సిద్ధాంతాన్ని గెలిపించడం కోసం చార్వాద్ ఆ సిద్ధాంతాన్నే కాసేపు పక్కన పెట్టాడు. తన చేతికి సంచి కొనే అలవాటు లేదు కాబట్టి, రస్మున్ షెడ్డులోంచే ఒక డబ్బాడు తీసుకున్నాడు. అతనికి కూడా శుక్రవారం మధ్యాహ్నమే అనువుగా తోచింది.

ఆ శుక్రవారం అన్నాచెల్లెళ్ళిద్దరూ తెల్ల పుల్ల మడికి చెరో వైపు నుంచి వచ్చి, వంగినవాళ్ళు వంగినట్టే తలెత్తి ఒకరినొకరు చూసుకున్నారు.

"నమాజుకి వెళ్ళలేదా అన్నా?" అంది తర్సివెన్, కొంగు నడుములో దోపుకుంటూ.

"కడుపులో నొప్పిగా ఉంటే మధ్యలో వచ్చేశా. నువ్వేంటే ఇక్కడ?"

"బాతు తప్పిపోయింది. వెతుకుతున్నా."

చార్వాద్ డబ్బాని వీపు వెనక్కి మార్చుకున్నాడు. వెంటనే వెళ్ళిపోతే అనుమానం వస్తుందని, నేనూ చూస్తాలే అన్నాడు. వద్దంటే తన మీదా అనుమానం వస్తుందని ఆవిడా వద్దనలేదు. నడి ఎండలో ఇద్దరూ కాలవ పొడుగునా బాతుని పిలుస్తూ తిరిగారు. అది ఏ రంగుదని అతను అడిగాడు. తెల్లదంది ఆవిడ. కాసేపటికి, మచ్చలున్నాయా అని అడిగితే ఉన్నాయంది. ఏటి గట్టు దాకా వెళ్ళి వచ్చారు. మసీదు నుంచి జనం తిరిగి రావడం కనిపించాక గాని ఎవరి దారిన వాళ్ళు పోలేదు. చార్వాద్ డబ్బా మాత్రం ఆ రాత్రే మడిలో ఖాళీ అయింది.

సాయంత్రం టీ కొట్టులో చార్వాద్, మీ బాతు దొరికిందా బావా అని అడిగాడు. రస్మున్ ఇంటికి వెళ్ళి, మనకి బాతు ఎక్కడిదే అన్నాడు. తర్సివెన్ అన్నం గిన్నె మూత సరి చేస్తూ, మనది కాదు, ఎవరిదో, పాపం కాలు కుంటుతోంది అంది. ఎవరిదో బాతు కోసం ఎండలో వెతకడం తన భార్య విషయంలో వింతేమీ కాదు కాబట్టి అతను ఇంకేమీ అడగలేదు. అసలు ఆ మడి దగ్గరి మాటలేవీ పొడిగించడం అప్పట్లో అతనికి ఇష్టం లేదు.

తెల్ల పుల్ల మడి కోలుకుంది. మొదట పసుపు పుల్ల మడితో సమానమైంది, తరవాత నీలాన్ని దాటింది. నింగ్రుమ్ ఒక బుధవారం వచ్చి, బండి దిగి, హెల్మెట్ తీయకుండా దాని ముందు చాలాసేపు కూర్చుండిపోయింది. పొలం మధ్యలోకి పరిగెత్తింది. అక్కడి తెల్ల పుల్ల మడి పాలిపోయే ఉంది. ఏటి గట్టు దగ్గరికి పరిగెత్తింది. అదీ పాలిపోయే ఉంది. తిరిగి వచ్చి, మీరేమైనా వేశారా అని అడిగింది. చేత్తో ఒక్క పలుకు వెయ్యలేదని రస్మున్ ఖురాను మీద ఒట్టు పెట్టేటంత నిజాయితీగా చెప్పాడు. తర్సివెన్ వేయించిన సోయా టోఫు తేవడానికి లోపలికి వెళ్ళింది.

ఆ అమ్మాయి ఆలోచించింది. వేసింది మనుషులు కాకపోతే మట్టే అయి ఉండాలి. గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకి అందించే సూక్ష్మజీవులు కొన్ని ఉన్నాయని ఆమె చదివింది. ఉల్లి వేళ్ళ దగ్గర అంత జోరుగా పని చేసేది ఎవరూ చూడలేదు. అది ఆ మలుపు దగ్గరి మట్టిలో ఉంటే? మట్టిని సంచుల్లోకి ఎత్తింది. తన ప్రొఫెసర్‌కి ఫోన్ చేసి, ఆవిడ నమ్మకపోతే ఫోటోలు పంపింది.

ఇందులో తమాషా ఏమిటంటే, వేసిన ముగ్గురూ కూడా దాన్ని నమ్మారు. ఎవరికి తెలిసింది వాళ్ళ గుప్పెడే. నా బకెట్ నీళ్ళకి ఇంత పచ్చదనం రాదే అని రస్మున్ ఆశ్చర్యపోయాడు. నేను వేసిన చిటికెళ్ళకి ఇంత ఆకా అని తర్సివెన్ దేవుడికి దండం పెట్టుకుంది. తన డబ్బాడు యూరియాకి మొక్క మోకాలు దాటి పెరగదని చార్వాద్‌కి బాగా తెలుసు. మన మట్టిలో ఏదో ఉంది అని ముగ్గురూ మనస్ఫూర్తిగానే అనేవారు.

ఈ సంగతి గ్రామ పెద్ద చెవిన పడింది. మా ఊరి పేరు జిల్లా అంతా మోగిపోవాలని ఆయన చాలాకాలంగా ఏదో ఒక కారణం వెతుకుతున్నాడు. "ఎరువు అడగని మట్టి, మా ఊరి మట్టి" అని పెద్ద ఫ్లెక్సీ కొట్టించి మలుపులో కట్టించాడు. అంతే, జనం మట్టి కోసం రావడం మొదలెట్టారు. ప్లాస్టిక్ సంచుల్లో, టిఫిన్ డబ్బాల్లో, జేబుల్లో పట్టుకుపోయేవారు. ఒక ముసలావిడ మోకాళ్ళకి రాసుకుంటానని కొబ్బరి చిప్పడు తీసుకెళ్ళింది, మరుసటి వారం గుణం కనిపించిందని ఇంకో చిప్పడికి వచ్చింది. తెల్ల పుల్ల మడి గట్టు రోజురోజుకీ సన్నబడిపోతుంటే, రస్మున్ పనులు మానుకుని కుర్చీ వేసుకుని కాపలా కూర్చోవలసి వచ్చింది. దాంతో యూరియా బకెట్‌కి తీరిక లేకుండా పోయింది. అప్పటికే మడికి దాని అవసరమూ లేదు. ఆకులు తమ బరువు తామే మోయలేక పక్కకి పడిపోతున్నాయి.

తవ్వే రోజున ప్రొఫెసర్ పుర్వంతి వచ్చింది. పెద్దావిడ, నల్ల గొడుగు, కాళ్ళకి రబ్బరు బూట్లు. గ్రామ పెద్ద ఫ్లెక్సీ కింద షామియానా వేయించి, మైకు పెట్టించి, ఉపన్యాసానికి కాగితం జేబులో సిద్ధంగా ఉంచుకున్నాడు. ఊరు ఊరంతా రోడ్డు మీదే ఉంది. ప్రొఫెసర్ ఉపన్యాసం తరవాత విందామని మడి దగ్గరికి వెళ్ళింది. ఒక ఆకు తుంచి, నలిపి వాసన చూసింది. కాలవలోకి చూసింది. తరవాత ఒక దుబ్బు పీకమంది.

రస్మున్ పీకాడు. మట్టి దులిపాడు. కింద పాయలు లేవు. అంటే, ఉన్నాయి గాని ఊరలేదు. మెడలు బొటనవేలంత లావు, ఆ మెడ కింద పాయ కూడా బొటనవేలంతే. ఇంకో దుబ్బు పీకాడు. అదీ అంతే. మూడోది పీకితే కింద మెత్తబడి కంపు కొట్టింది.

ఇది ఆకలితో ఉన్న మొక్క కాదు, అతిగా తిన్న మొక్క అని ప్రొఫెసర్ చెప్పింది. ఇంత నత్రజని ఏ సూక్ష్మజీవీ ఇవ్వలేదంది. ఎవరైనా ఏమైనా వేశారా అని, కోపంగా కాదు, మామూలుగానే అడిగింది.

నింగ్రుమ్ ముందుకొచ్చింది.

"లేదు మేడమ్. వీళ్ళు నాకు మాటిచ్చారు. నేను వీళ్ళింట్లో అన్నం తిన్నాను, వీళ్ళు అలాంటివాళ్ళు కాదు."

ఆ మాట తర్సివెన్ తట్టుకోలేకపోయింది. గట్టు మీద కూర్చుండిపోయి, కొంగుతో మొహం తుడుచుకుంటూ, శుక్రవారాల సంగతి చెప్పేసింది. చిటికెడేనమ్మా, దుబ్బుకి చిటికెడే, చూడలేకపోయాను అంది.

రస్మున్ నోరు తెరుచుకుని భార్య వంక చూశాడు. "నువ్వు కూడానా?" అన్నాడు.

ఆ "కూడా" దగ్గర అతను దొరికిపోయాడు. బకెట్ గురించి, బొచ్చె గురించి చెప్పాడు. చేత్తో వెయ్యలేదన్న మాట కూడా చెప్పాడు గాని, అది బయటికి వచ్చాక అతనికే బాగా వినిపించలేదు. ప్రొఫెసర్ ఇద్దరూ చెప్పింది విని, ఇంకా సరిపోలేదే అంది. అప్పుడు తర్సివెన్ మెల్లగా తలెత్తి అన్న వంక చూసింది.

"అన్నా. ఆ రోజు నీ వీపు వెనక డబ్బాలో ఏముంది?"

"నీ కొంగులో ఉన్నదే" అన్నాడు చార్వాద్, నేల చూపులు చూస్తూ.

"మరి నాతో పాటు ఏటి గట్టు దాకా బాతుని వెతికావు కదా."

"నువ్వు పిలుస్తున్నావు కదా అని నేనూ పిలిచా."

జనంలో ఎవరో నవ్వారు. ఆ నవ్వు రోడ్డు పొడుగునా పాకిపోయింది. గాలిలోంచి నత్రజని పట్టే జీవుల్ని చాలా చూశాను గాని, డబ్బాలతో, బొచ్చెలతో వచ్చేవాటిని చూడటం ఇదే మొదటిసారి అని ప్రొఫెసర్ అంది. ఇంకెవరైనా ఉన్నారా అని అడిగింది. ఎవరూ లేమన్నారు. కానీ గ్రామ పెద్ద అప్పటికే బల్ల ఎక్కి ఫ్లెక్సీ తాళ్ళు విప్పుతున్నాడు. పెద్దవాళ్ళు వస్తున్నారు, మడి ఇంకాస్త నిగనిగలాడాలని ఆయన కిందటి వారం అర బస్తా పోయించిన సంగతి, పోసిన కూలీ ద్వారా తరవాత తెలిసింది.

నింగ్రుమ్ నవ్వలేదు. ఏడవనూ లేదు. కళ్ళద్దాలు తుడుచుకుని, రోడ్డు పక్క మళ్ళు నాలుగూ లెక్కలోంచి తీసేసి, పొలం మధ్యలోవీ ఏటి గట్టువీ మర్నాడు తవ్వుతానంది. తర్సివెన్ అన్నానికి పిలిస్తే, ఆకలి లేదు పిన్నీ అంది. ఆ ఇంట్లో ఆకలి లేదని చెప్పి నిజంగానే తినకుండా వెళ్ళిపోయిన మొదటి మనిషి ఆమే. ఆ రాత్రి టీ కొట్టు గదిలో పడుకుంది. వండిన అన్నం ఆ పూట పిల్లులు తిన్నాయి. తర్సివెన్ వాటిని చూసి కూడా సంతోషించలేదు.

మర్నాడు పొద్దున నింగ్రుమ్ పొలం మధ్యలో తవ్వుతుంటే తర్సివెన్ వచ్చి, పిలవకుండానే పక్క వరసలో కూర్చుని దుబ్బులు పీకడం మొదలెట్టింది. తెల్ల పుల్ల మడి దగ్గరికి వచ్చాక నింగ్రుమ్ ఆగింది.

"పిన్నీ, నిజం చెప్పు. దీనికి కూడా ఏమైనా పెట్టావా?"

తర్సివెన్ చేతిలో మట్టి దులుపుకుంది. "లేదమ్మా. ఇక్కడి దాకా ఎప్పుడూ రాలేదు. కనిపించలేదు కాబట్టి జాలి వెయ్యలేదు."

నింగ్రుమ్ ఆవిడ మొహంలోకి చూసింది. అందులో అబద్ధమేమీ లేదు, సిగ్గు మాత్రం చాలా ఉంది. ఆ అమ్మాయికి ముందు పెదవులు కదిలాయి, తరవాత భుజాలు కదిలాయి, ఆ తరవాత గట్టు మీద కూలబడి కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. ఎందుకు నవ్వుతోందో తెలియకపోయినా తర్సివెన్ కూడా నవ్వింది. మధ్యాహ్నం ఇద్దరూ కలిసి ఇంటికి వచ్చారు. రోడ్డు పక్క మడి ఆకంతా కోసి తెచ్చి, బాతు గుడ్లలో కలిపి అట్లు వేసింది తర్సివెన్. నింగ్రుమ్ నాలుగు తింది. అయిదోది ఆమె అడగకుండానే కంచంలో పడింది.

లోపలి మళ్ళ తూకం వచ్చింది. నీలం పుల్ల మడి అన్నిటికంటే బాగా పండింది. ఎర్ర పుల్ల మడి, అంటే రస్మున్ కొలత, ఆకు మోతాదులో మొదటిది, పాయ తూకంలో మాత్రం పసుపు పుల్లతో దాదాపు సమానం. తెల్ల పుల్లలో బీమా రకం సగం కూడా రాలేదు. కానీ పసుపు తోలు ఉల్లి మాత్రం ఏమీ పెట్టకపోయినా పెద్దగా తగ్గలేదు, ఎక్కువ పెట్టినా పెద్దగా పెరగలేదు. దాని మానాన అది పండింది. చార్వాద్ టీ కొట్టులో బల్ల మీద చెయ్యి కొట్టి, చూశావా బావా అన్నాడు. అసలు ఏమీ వెయ్యని మడిలో బీమా ఏమైందో నువ్వు చూశావా అని రస్మున్ ఎదురు తిరిగాడు. ఇద్దరూ కొంత గెలిచారు, ఇద్దరూ కొంత ఓడారు. టీ కొట్టు ఆవిడ ఇంకో కూజా పెట్టింది.

వెళ్ళేటప్పుడు నింగ్రుమ్ తనకి కావలసినవి తీసుకుని, మిగిలిన పసుపు తోలు ఉల్లిని విత్తనానికి ఉంచుకోమని ఆ ఇంట్లోనే వదిలేసింది. తర్సివెన్ వాటిని కట్టలు కట్టి, పొగ తగిలేలా వంటింటి కప్పు కింద వేలాడదీసింది. ఆ అమ్మాయికి పట్టా వచ్చిందని తరవాత ఫోన్ వచ్చింది. అందరికీ పేరు పేరునా చెప్పమంది, గ్రామ పెద్దకి కూడా.

మరుసటి పంటకి రస్మున్ యూరియా తగ్గించాడు. ఎవరి మాటా విని కాదు, బస్తాలు మోయడానికి నడుము నొప్పిగా ఉందని అన్నాడు. చేను అందరి చేలలాగే పచ్చగా ఉంది, అంతకు మించి లేదు. కొన్నాళ్ళు అతను రోడ్డు వైపు వీపు పెట్టి పని చేశాడు. ఎవరైనా ఆగి అడుగుతారని కాదు, ఎవరూ ఆగకపోవడం చూడలేక. తవ్వాక మాత్రం పాయలు గట్టిగా, బిగుతుగా వచ్చాయి. కట్టలు కట్టి వేలాడదీస్తే వానలు దాటినా ఒక్కటి కుళ్ళలేదు. దాని గురించి అతను ఎవరితోనూ ఏమీ అనలేదు.

నాట్లు దగ్గర పడ్డాక చార్వాద్ ఒక ఉదయం చెల్లెలింటికి వచ్చాడు. వంటింటి గుమ్మంలో నిలబడి, పైన వేలాడుతున్న కట్టల్ని ఒక్కొక్కటే చూశాడు.

"చూడు, చూడొద్దనను. మాట్లాడకు" అన్నాడు రస్మున్, టీ తాగుతూ.

కట్టల గురించి చార్వాద్ నిజంగానే మాట్లాడలేదు. కూర్చున్నాడు, టీ తాగాడు, వానల గురించి అడిగాడు, వియ్యంకుడి ఆరోగ్యం గురించి అడిగాడు. రెండో కప్పు కూడా అయిపోయాక, ఆ పసుపు తోలు విత్తనం కాస్త ఉంటే తన చేలో కూడా ఒక మడి వేసి చూద్దామనుకుంటున్నానని, గోడతో చెబుతున్నట్టు చెప్పాడు. ఇన్నాళ్ళు తాతల నాటి విత్తనం అంటూ ఊదరగొట్టినవాడు ఇప్పుడు తన ఇంటికే అడగడానికి వచ్చాడని రస్మున్‌కి లోపల పండగలా ఉంది. ఆలోచించి చెబుతానన్నాడు. విత్తనం తక్కువగా ఉందన్నాడు. వచ్చే వారం రమ్మన్నాడు. తన కప్పులో మిగిలిన టీని చాలా నెమ్మదిగా తాగాడు.

చార్వాద్ సరేనని లేచి బయటికి వచ్చాడు. అతని మోటారు సైకిలు వెనక నాలుగు కట్టలు తాడుతో బిగించి ఉన్నాయి. తర్సివెన్ ముడి సరిగా పడిందో లేదో చూసి, అయిదో కట్ట కోసం లోపలికి వెళ్తోంది.